హాలు తెలిసిన ఫోటోగ్రాఫరే కావాలా? పెళ్లి ఫొటోల మీద కొన్ని అపోహలు

మాది గుంటూరు. పెళ్లి ఫొటోలు తీయడానికి ఇటు తెనాలి, అటు విజయవాడ దాటి గన్నవరం దాకా వెళ్తుంటాం. అడ్వాన్స్ ఇవ్వడానికి వచ్చిన పెద్దవాళ్లు రేటు కంటే ముందు ఒక మాట అడుగుతారు: "ఆ హాల్లో ఇంతకుముందు చేశారా బాబూ?" లేదంటే చాలు, మొహం కాస్త మారుతుంది.

అపోహ: అదే హాల్లో పది పెళ్లిళ్లు తీసినవాడైతే ఇక టెన్షన్ లేదు.

నేనూ అలాగే అనుకునేవాణ్ణి. విజయవాడ రోడ్డు మీద ఒక హాలు ఉంది, నాకు కళ్లు మూసుకున్నా తెలుసు. స్టేజీకి ఎడమవైపు మెట్ల దగ్గర నిలబడితే పీటలు చక్కగా కనిపిస్తాయి. ఒక పెళ్లికి ధీమాగా అక్కడే స్టాండు వేశాను. ముహూర్తానికి గంట ముందు పంతులుగారు వచ్చి, "తూర్పు ఎటు?" అని అడిగి పీటలు తిప్పించేశారు. దాంతో నా చోటు నుంచి ఆయన వీపు, పక్కన డెకరేషన్ వాళ్ల పూలస్తంభం తప్ప ఏమీ కనిపించలేదు. జీలకర్ర బెల్లం టైముకి పరుగెత్తి వేరే పక్కకు చేరాను కానీ, అప్పటికే అడ్డుతెర దించేశారు. పెళ్లికూతురు మొదటిసారి తలెత్తి చూసిన ఫొటో ఆ ఆల్బమ్‌లో లేదు. తప్పు నాదే.

హాలు గోడలు మారవు, నిజమే. కానీ ఫొటోకి కావాల్సినవన్నీ ప్రతి పెళ్లికీ మారతాయి: పీటల దిక్కు, పందిరి ఎత్తు, లైట్ల రంగు. సీలింగ్ తెల్లగా ఉంటే ఫ్లాష్ పైకి కొట్టి మెత్తటి వెలుగు తెచ్చుకుంటాం. అదే సీలింగ్‌కి ఈసారి ఎర్ర గుడ్డ కట్టారనుకోండి, మొహాలన్నీ ఎర్రబడతాయి.

అలాగని హాలు తెలిసి ఉండటం దండగ అనను. ప్లగ్ పాయింట్లు ఎక్కడ, బాల్కనీ తాళం ఎవరి దగ్గర, పెళ్లికూతురి గదికి కిటికీ ఉందా, కరెంటు పోతే జనరేటర్ ఎంతసేపటికి అందుకుంటుంది... ఇవి తెలిస్తే పని తేలిక. అయితే వీటి కోసం పది పెళ్లిళ్లు చేయక్కర్లేదు, ముందురోజు అరగంట చూసి వస్తే చాలు. రాత్రి ముహూర్తమైతే రాత్రే చూడాలి. పగలు చూసి వస్తే లైట్ల సంగతి ఏం తెలుస్తుంది? అందుకే మీరు అడగాల్సింది "చేశారా?" అని కాదు, "ముందురోజు వచ్చి చూస్తారా?" అని.

అపోహ: ఇప్పుడు కెమెరాలు బాగున్నాయి, ఏ లైట్లయినా పర్లేదు.

మన కరెంటు 50 హెర్ట్జ్. నాసిరకం ఎల్ఈడీ లైట్లు సెకనుకు 100 సార్లు మినుకుమంటాయి. అది కంటికి తెలియదు, కెమెరా పట్టేస్తుంది. షట్టర్ వేగం పెంచితే ఫొటో మీద అడ్డంగా నల్ల చారలు వస్తాయి. అలాంటి చోట షట్టర్ వేగం 1/100 సెకను దగ్గర ఆగితే చాలావరకు పోతాయి. స్టేజీ వెనక ఎల్ఈడీ స్క్రీన్ ఉంటే దాని లెక్క వేరు, అక్కడే నాలుగు ఫొటోలు కొట్టి చూసుకోవాలి. ఊదారంగు ఫోకస్ లైట్లు నేరుగా మొహం మీద పడితే మాత్రం ఎంత ఎడిట్ చేసినా పసుపు రాసిన చెంప పసుపుగా రాదు. తలంబ్రాలు అయ్యేదాకా వాటిని ఆపమని లైటింగ్ వాళ్లకు పెళ్లివారే చెప్పాలి. మేం చెబితే వినరు!

అపోహ: ఒక్కడు బాగా తీస్తే చాలు, ఇద్దరెందుకు?

జీలకర్ర బెల్లం పెట్టేటప్పుడు వధూవరులు ఎదురెదురుగా ఉంటారు. ఒక కెమెరాకి ఒక మొహం, ఒక వీపు. ఆ నిమిషానికైనా రెండు పక్కలా ఇద్దరు ఉండాలి. మంచి ముహూర్తం ఉన్న రోజున ఒకే స్టూడియోకి మూడు నాలుగు పెళ్లిళ్లు ఉంటాయి కాబట్టి, మీ పెళ్లికి ఎవరెవరు వస్తారో పేర్లతో రాయించుకోండి. వాళ్లు తీసిన ఒక రాత్రి పెళ్లి ఫొటోలు మొత్తం చూపించమనండి. ఏరిన ముప్ఫై ఫొటోలు ఎవరివైనా బాగానే ఉంటాయి.

అపోహ: హాలు వాళ్లు చెప్పిన మనిషైతే మేలు.

కావచ్చు. మధ్యలో కమీషన్ ఉందేమో మొహమాటపడకుండా అడగండి.

అపోహ: డ్రోన్ ఎక్కడైనా ఎగరేయొచ్చు.

2021 డ్రోన్ నిబంధనల ప్రకారం ఎయిర్‌పోర్ట్ ప్రహరీ నుంచి 8 కిలోమీటర్ల లోపు అనుమతి లేకుండా ఎగరేయకూడదు. 8 నుంచి 12 కిలోమీటర్ల మధ్య 200 అడుగులు దాటాలన్నా అనుమతి కావాలి. హాలు గన్నవరం ఎయిర్‌పోర్ట్ పక్కనున్న కేసరపల్లి వైపు ఉంటే ప్యాకేజీలో డ్రోన్ అని రాసి ఉందని మురిసిపోకండి, అనుమతి ఎవరు తెస్తారో అడగండి.

అపోహ: డేట్ చెప్పాం కదా, ఇంకేం కావాలి?

దీని దగ్గరే ఎక్కువ గొడవలు. శుభలేఖలో "శనివారం రాత్రి 2-17 (తెల్లవారితే ఆదివారం)" అని ఉంటుంది. పెళ్లివారు శనివారం అంటారు, క్యాలెండర్ ఆదివారం అంటుంది. ఫోన్‌లో తారీకు ఒక్కటే చెబితే మా డైరీలో ఒకరోజు అటో ఇటో పడిపోతుంది. శుభలేఖ ప్రింటయ్యేదాకా ఆగకుండా, పంతులుగారు రాసిచ్చిన ముహూర్తం కాగితమే ఫొటో తీసి పంపండి.