కీబోర్డు ఎడిటర్ సాఫ్ట్‌వేర్లు, లాక్‌లు, ధరలు: అపోహలు - వాస్తవాలు

పర్లాకిమిడిలో కీబోర్డులు బాగుచేయడం, టోన్లు చేసిపెట్టడం నా వృత్తి. గుణుపురం, రాయగడ మెలోడీ పార్టీల వాళ్లు, ఇటు పాతపట్నం, టెక్కలి ఆర్కెస్ట్రా వాళ్లు వస్తుంటారు. ఇక్కడ ఒకే ప్లేయరు ఇవాళ తెలుగు పెళ్లిలో సన్నాయి, డప్పు టోన్లతో వాయించి, రేపు ఒడియా బరాత్‌కి ఢోల్, నిశాన్ టోన్లు ఎక్కించుకోవాలి. కొరాపుట్ వైపు వెళ్తే ఢెంసా నాట్యానికి మొహురీ (సన్నాయి లాంటి వాద్యం) ఉండి తీరాలి. అందుకే టోన్లు మార్చే సాఫ్ట్‌వేర్ (ఎడిటర్) మాకు సరదా వస్తువు కాదు, కూటి విషయం. దాని లాక్‌ల గురించి, ధరల గురించి మా వాళ్లలో తిరిగే మాటలు చాలావరకు తప్పు. ఆ తప్పుల వల్ల డబ్బు పోగొట్టుకుంటున్నారు, అంతకంటే బాధాకరంగా ఏళ్ల తరబడి చేసుకున్న టోన్లే పోగొట్టుకుంటున్నారు.

అపోహ: ఎడిటర్ కొనకపోతే కీబోర్డు లోపలి టోన్లు బయటికి రావు.

వాస్తవం: ఎడిటర్ అనేది కీబోర్డుతో మాట్లాడే ఒక తెర మాత్రమే. అసలు మాట నడిచేది మిడీ ద్వారా, అంటే వాద్యాలూ కంప్యూటర్లూ మాట్లాడుకునే భాష ద్వారా. 1983లో వచ్చిన ఈ ప్రమాణం ఏ ఒక్క కంపెనీ సొత్తూ కాదు. అందులో సిస్టమ్ ఎక్స్‌క్లూజివ్ అనే రకం సందేశం ఉంది, మనం సిసెక్స్ అంటాం. అది ఎఫ్0 అనే బైట్‌తో మొదలై ఎఫ్7తో ముగుస్తుంది (ఈ నంబర్లన్నీ హెక్సాడెసిమల్ లెక్కలో). మధ్యలో ముందుగా కంపెనీ నంబరు ఉంటుంది: రోలాండ్‌కి 41, కోర్గ్‌కి 42, యమహాకి 43. ఆ తర్వాత వచ్చేదాంట్లో ఎక్కువ భాగం మీ టోన్ల సమాచారమే. పాత సింథసైజర్లలో చాలావాటికి ఏ బైట్‌లో ఏముందో మాన్యువల్ చివర అచ్చువేసి ఇచ్చారు.

ఆ పట్టికల ఆధారంగానే ఉచిత ఎడిటర్లు తయారయ్యాయి. యమహా సింథసైజర్ డీఎక్స్7కి డెక్స్‌డ్ ఉంది. రకరకాల సింథసైజర్లకి ఎడిసిన్, కంట్రోలర్ ప్యానెళ్లు ఉన్నాయి. టోన్లు మార్చనక్కర్లేదు, దాచుకుంటే చాలు అనుకుంటే మ్యాక్‌లో సిసెక్స్ లైబ్రేరియన్ సరిపోతుంది. విండోస్‌లో మిడీ-ఆక్స్ ఉంది, అది వ్యాపారేతర వాడకానికి ఉచితం. డబ్బు పెట్టి కొన్న ఎడిటర్‌లో సౌకర్యం ఎక్కువ, అది ఒప్పుకోవాలి. ఒకే తెర మీద పది కీబోర్డుల టోన్లు పేర్లతో సహా కనబడితే పని హాయిగా సాగుతుంది. కానీ అది కొనలేదని మీ టోన్లు ఎక్కడా బందీ అయిపోవు.

కొత్త అరేంజర్ కీబోర్డుల (తాళం, బ్యాకింగ్ కూడా తామే వాయించేవి) సెట్ ఫైళ్ల (టోన్లు, స్టైళ్లు కలిపి కట్టినవి) సంగతి వేరు. దాని గురించి చివర్లో చెబుతాను.

అపోహ: డంప్ (సిసెక్స్‌గా పంపే టోన్ల మూట) వెళ్లడం లేదంటే కంపెనీ లాక్ వేసినట్టే.

వాస్తవం: నా దగ్గరికి వచ్చే ఫిర్యాదుల్లో ఎక్కువ ఇదే. "అన్నా, లాక్ తీసిపెట్టు" అంటూ కీబోర్డు దించుతారు. తీయాల్సిన లాక్ దాదాపు ఎప్పుడూ ఉండదు.

మొదట చూడాల్సింది కేబుల్. ఆన్‌లైన్‌లో చవగ్గా దొరికే యూఎస్‌బీ-మిడీ కేబుళ్లు నోట్లు పంపడానికి పనికొస్తాయి. పొడవైన సిసెక్స్ సందేశం వస్తే వాటిలో చాలావాటికి అందులో ఉన్న చిన్న బఫర్ (సమాచారం కాసేపు దాచుకునే చోటు) చాలదు, మధ్యలో బైట్లు జారిపోతాయి. దీన్ని పట్టుకోవడం తేలిక. డీఎక్స్7 నుంచి 32 టోన్ల బ్యాంకు డంప్ తీసుకుంటే ఫైలు కచ్చితంగా 4,104 బైట్లు ఉండాలి: 4,096 బైట్లు టోన్లు, 8 బైట్లు ముందూ వెనకా. మిడీ వేగం సెకనుకు 31,250 బిట్లు కాబట్టి అదంతా సెకనున్నర లోపే అయిపోతుంది. ఫైలు మీద రైట్ క్లిక్ చేసి ప్రాపర్టీస్ చూడండి. 4,104కి ఒక్క బైట్ తగ్గినా ఆ డంప్ పనికిరాదు. మంచి ఇంటర్‌ఫేస్ అరువు తెచ్చుకుని మళ్లీ తీయండి. కీబోర్డుకి పంపేటప్పుడు ఇదే గొడవ వస్తే మిడీ-ఆక్స్ సెట్టింగుల్లో బఫర్ల మధ్య ఆలస్యం పెంచి చూడండి.

కేబుల్ బాగానే ఉంటే కీబోర్డు సెట్టింగులు చూడాలి. డీఎక్స్7లో మెమరీ ప్రొటెక్ట్ ఆన్‌లో ఉంటే వచ్చిన టోన్లను తీసుకోదు. రోలాండ్ ఎక్స్‌పీ, జేవీ రకాల్లో డివైస్ ఐడీ మామూలుగా 17. ఎవరో దాన్ని 18 చేసి వదిలేస్తే ఎడిటర్ ఎంత పిలిచినా కీబోర్డు పలకదు. ఎక్స్‌క్లూజివ్ రిసీవ్ ఆఫ్‌లో ఉన్నా అంతే. తెర మీద చెక్‌సమ్ ఎర్రర్ వస్తే, కీబోర్డు సందేశం అందుకుంది కానీ దారిలో అది చెడిందని అర్థం. మళ్లీ కేబుల్ దగ్గరికే వెళ్లాలి.

ఇవేవీ చూడకుండా "అన్‌లాక్" పేరుతో ఫ్యాక్టరీ రీసెట్ కొట్టేవాళ్లు ఉన్నారు. దయచేసి ఎవరినీ ఆ పని చేయనివ్వకండి. రీసెట్ కొడితే యూజర్ బ్యాంకు మొత్తం తుడిచిపెట్టుకుపోతుంది. అందులో మీరు చెవి పెట్టి, గంటల తరబడి కూర్చుని దిద్దిన సన్నాయి ఉంటుంది.

అపోహ: డాంగిల్ (లైసెన్స్ ఉండే యూఎస్‌బీ తాళం) ఉన్న సాఫ్ట్‌వేర్ కొంటే జీవితాంతం నిశ్చింత.

వాస్తవం: లాక్ బతికి ఉన్నంతవరకే. సింథసైజర్ ఎడిటర్లలో ఒకప్పుడు పేరున్న సౌండ్‌డైవర్‌ని తయారుచేసిన ఇమాజిక్ కంపెనీని 2002లో యాపిల్ కొనేసింది. తర్వాత ఆ ఎడిటర్ కథ ముగిసింది. దాని మీద ఆధారపడ్డవాళ్లు పాత కంప్యూటర్లను కాపాడుకుంటూ కూర్చోవాల్సి వచ్చింది. స్టెయిన్‌బర్గ్ కంపెనీ డాంగిల్, యూఎస్‌బీ ఇ-లైసెన్సర్, ఏళ్లపాటు నడిచింది. ఆ కంపెనీ 2022లో డాంగిల్ అక్కర్లేని కొత్త పద్ధతికి మారింది, పాత ఇ-లైసెన్సర్ సేవను 2025లో ఆపేసింది. డాంగిల్ తీసేయడం మంచి పనే. కానీ పాత వెర్షన్లకి డబ్బు పెట్టినవాడికి ఆ తేదీ ఒక గోడలా ఎదురొచ్చింది.

ఐలాక్ అనే లైసెన్స్ పద్ధతి ఇప్పుడు మూడు రకాలుగా ఉంది: యూఎస్‌బీ, కంప్యూటర్, క్లౌడ్. ఏ సాఫ్ట్‌వేర్ ఏ రకాన్ని ఒప్పుకుంటుందో దాన్ని చేసినవాళ్లే నిర్ణయిస్తారు. క్లౌడ్ రకానికి వాడుతున్నంతసేపూ నెట్ ఉండాలి. రాయగడ దాటి ఘాట్ ఎక్కాక సిగ్నల్ ఎలా ఉంటుందో మనకి తెలుసు. స్టేజీ మీదికి తీసుకెళ్లే లాప్‌టాప్‌లో క్లౌడ్ లైసెన్స్ పెట్టుకోవద్దని నా గట్టి సలహా.

అపోహ: మనది చిన్న ఊరు, క్రాక్ (లాక్ విరిచిన దొంగ కాపీ) వాడితే ఎవరికి నష్టం?

వాస్తవం: ముందు మనకే. క్రాక్ ఎక్కాలంటే యాంటీవైరస్ ఆపమంటుంది. ఆపిన లాప్‌టాప్‌లోనే మీ ఫోన్‌పే లింకయిన మెయిల్, కస్టమర్ల ఫోన్ నంబర్లు, ఏళ్లనాటి డంప్ ఫైళ్లు ఉంటాయి. ఇక చట్టం సంగతి. కాపీరైట్ చట్టం సెక్షన్ 63బి ప్రకారం, అక్రమ కాపీ అని తెలిసి కంప్యూటర్ ప్రోగ్రామ్ వాడితే ఏడు రోజుల నుంచి మూడేళ్ల వరకు జైలు, 50 వేల నుంచి 2 లక్షల వరకు జరిమానా. లాభం కోసం వాడకపోతే కోర్టు జైలు మినహాయించవచ్చు. కానీ స్టేజీ ప్రోగ్రాముకి డబ్బు తీసుకుని వాయించేవాళ్లం ఆ మినహాయింపు అడగలేం.

ఇంకో మాట. ఈ ఎడిటర్లు చేసేవాళ్లలో చాలామంది ఒక్కరో ఇద్దరో. ఒక్కో మోడల్‌కి బైట్ల పట్టిక వేరు, దాన్ని సరిచూసుకోవడానికి ఆ కీబోర్డే చేతిలో ఉండాలి. కొనేవాళ్లు తక్కువ కాబట్టి ఒక్కొక్కరి మీద పడే ధర ఎక్కువ.

అపోహ: మరి బ్యాకప్ కాపీ తీసుకోవడం కూడా నేరమే కదా?

వాస్తవం: కాదు. డబ్బిచ్చి కొన్న ప్రోగ్రాము పోకుండా బ్యాకప్ కాపీ ఉంచుకోవడానికి అదే చట్టంలోని సెక్షన్ 52 అనుమతిస్తుంది. ఆ కాపీని పక్కవాడికి ఇస్తే మాత్రం తప్పవుతుంది.

అపోహ: డాలర్ ధర అందరికీ ఒకటే కాబట్టి న్యాయమే.

వాస్తవం: ఇక్కడ మాత్రం నేను కంపెనీల పక్షాన మాట్లాడలేను. అమెరికా ప్లేయరు 100 డాలర్లు ఇస్తే మనం వంద దగ్గర ఆగం. ఇక్కడ నమోదైన విదేశీ అమ్మకందారు 18 శాతం జీఎస్టీ కలుపుతాడు, ఆపైన బ్యాంకు మారకం ఛార్జీ. కార్డులో అంతర్జాతీయ వాడకం ఆన్ చేసుకోకపోతే పేమెంటే వెళ్లదు. 2020 మార్చి నుంచి కొత్త కార్డులు దేశంలో వాడకానికి మాత్రమే తెరిచి ఇస్తున్నారు. బ్యాంకు యాప్‌లో ఆ స్విచ్ మనమే వేసుకోవాలి.

అంతకంటే పెద్ద చిక్కు నెలవారీ చందా. మాకు ఆదాయం ముహూర్తాల్ని బట్టి. ఆషాఢం వచ్చినా, మూఢం పట్టినా స్టేజీ ఉండదు, చందా మాత్రం ఆగదు. అది ఆగిన నెలలో ఎడిటర్ తెరుచుకోదు. దానిలోనే దాచిన టోన్ల లైబ్రరీ కూడా కళ్ల ముందు ఉండి అందదు. ఇంతకంటే ఒక్కసారి డబ్బు తీసుకుని, నెట్ లేకుండా యాక్టివేట్ అయ్యే లైసెన్స్ ఇవ్వొచ్చు. విద్యార్థులకి తగ్గింపు ఇచ్చే కంపెనీలు ఉన్నాయి, మన ప్రాంతపు ఆదాయాన్ని చూసి ధర పెట్టడం కూడా వాళ్ల చేతిలోని పనే. మెయిల్ రాసి అడగండి. ఎంతమంది అడిగితే అంత మంచిది.

చందా ఎడిటర్ వాడక తప్పకపోతే, ప్రతి టోన్ల బ్యాంకునీ మామూలు సిసెక్స్ ఫైలుగా వేరే ఫోల్డర్‌లో ఎగుమతి చేసి పెట్టుకోండి. ఆ ఫైలు సిసెక్స్ పంపగల ఏ ఉచిత ప్రోగ్రాముతోనైనా కీబోర్డుకి వెళ్తుంది.

అపోహ: సెట్ కొన్నాక పెన్‌డ్రైవ్‌లో ఎవరికైనా ఇవ్వొచ్చు, ఏ కీబోర్డులోనైనా ఎక్కుతుంది.

వాస్తవం: కోర్గ్ పీఏ కీబోర్డులకి ఒక్కోదానికి పబ్లిక్ ఐడీ ఉంటుంది. రక్షణ ఉన్న సెట్‌ని ఆ నంబరుకే కట్టి ఇస్తారు. యమహా ఎక్స్‌పాన్షన్ మేనేజర్ ఉచితమే, కానీ దానికి కూడా ముందు మీ కీబోర్డు నుంచి ఇన్‌స్ట్రుమెంట్ ఇన్ఫో ఫైలు ఇవ్వాలి. అది తయారుచేసే ప్యాక్ ఆ కీబోర్డుకే సరిపోతుంది.

ఈ లాక్‌ని నేను తప్పుపట్టను. మొహురీ వాద్యకారుణ్ని పిలిచి, డబ్బిచ్చి, ఒక్కో స్వరం రికార్డు చేసి సెట్ కట్టే కుర్రాళ్లు ఈ జిల్లాల్లోనే ఉన్నారు. వాళ్ల కష్టం వారం తిరక్కుండా ఊరంతా ఉచితంగా తిరగకూడదు. అయితే కీబోర్డు మదర్‌బోర్డు మారిస్తే ఏం చేస్తారు? సెకండ్ హ్యాండ్‌లో అమ్మేస్తే సెట్ కొత్త కీబోర్డుకి మార్చి ఇస్తారా, దానికి మళ్లీ డబ్బా? డబ్బు పంపేముందే ఈ రెండూ అడిగి వాట్సాప్‌లో జవాబు తీసుకోండి. కీబోర్డు మోడలు, ఐడీ నంబరు, కొన్న తేదీ కూడా అదే మెసేజ్‌లో ఉండేలా చూసుకోండి.