లెన్స్ వంకర దిద్దాల్సింది ఎవరు?

కెనాన్ 2019లో తెచ్చిన ఆర్‌ఎఫ్ 24-240 జూమ్ లెన్స్‌తో 24 మిల్లీమీటర్ల దగ్గర ఒక రా ఫైలు (కెమెరా సెన్సర్ పట్టిన ముడి సమాచారం) తీసి, ఏ దిద్దుబాటూ చేయని సాఫ్ట్‌వేర్‌లో తెరిచి చూడండి. తలుపు చట్రాలు బయటికి ఉబ్బి ఉంటాయి, మూలలు నల్లబడి ఉంటాయి. అదే కెమెరా తానే సిద్ధం చేసి ఇచ్చిన జేపెగ్ ఫొటోలో చట్రాలు నిటారుగా, మూలలు శుభ్రంగా కనిపిస్తాయి. ఆ లెన్స్ చెడిపోలేదు. వంకరను సాఫ్ట్‌వేర్ దిద్దుతుంది కాబట్టి అలా ఉంటే చాలని లెక్క వేసుకునే దాన్ని తయారు చేశారు.

ఒకప్పుడు ఈ వంకరలను గాజుతోనే సరిచేసేవారు. లెన్స్‌లో వచ్చే ఐదు ప్రధాన దోషాలను జర్మన్ గణిత శాస్త్రజ్ఞుడు సైడెల్ 1850లలోనే సూత్రాల్లో పెట్టాడు. ఒక దోషాన్ని తగ్గించబోతే మరొకటి పెరుగుతుంది కాబట్టి అదనంగా గాజులు చేర్చాలి. వాటితో బరువూ ధరా పెరుగుతాయి. వంకరను లెక్కగట్టే పద్ధతి మాత్రం విమానం నుంచి తీసిన ఫొటోలతో పటాలు గీసేవారి అవసరంలోంచి బలపడింది. కాన్రాడీ 1919లో వేసిన పునాదిపై డ్వేన్ బ్రౌన్ 1966లో ఇచ్చిన సమీకరణాలు నేటికీ వాడుకలో ఉన్నాయి. 1998లో హెల్ముట్ డెర్ష్ రాసిన పనోరమా టూల్స్ అనే సాఫ్ట్‌వేర్ ఇలాంటి లెక్కను ఇంటి కంప్యూటర్‌కు తెచ్చింది. ఆ తర్వాత డీఎక్స్‌ఓ వంటి సంస్థలు ఒక్కో లెన్స్‌ను ప్రయోగశాలలో కొలిచి, ఆ కొలతలతో దిద్దే సాఫ్ట్‌వేర్‌ను అమ్మకానికి పెట్టాయి. అప్పటికి దిద్దాలా వద్దా అన్నది ఫొటో తీసినవారి ఇష్టం.

తర్వాత కెమెరాలే ఆ పని మొదలుపెట్టాయి. 2007 నాటి నికాన్ డీ300 అంచుల్లోని రంగు చారలను, 2008 నాటి కెనాన్ 50డీ మూలల చీకటిని జేపెగ్‌లో సరిచేసేవి. రా జోలికి పోలేదు కాబట్టి ఎవరికీ అభ్యంతరం రాలేదు.

అసలు గొడవ 2008లోనే, పానసోనిక్ ఎల్‌ఎక్స్3, జీ1 కెమెరాలతో వచ్చింది. వాటి రా ఫైలులోనే వంకర దిద్దే సూచనలు దాగి ఉండేవి. అడోబీ సాఫ్ట్‌వేర్ అడక్కుండానే వాటిని అమలు చేసేది. ఆ సూచనలను పట్టించుకోని సాఫ్ట్‌వేర్‌లో అవే ఫైళ్లను తెరిచినవారికి అసలు లెన్స్ ఎంత వంకరో అప్పుడు తెలిసింది. మరుసటి ఏడాది అడోబీ రా ఫైలు రూపమైన డీఎన్‌జీ 1.3 ఈ సూచనలకు ప్రామాణిక రూపం ఇచ్చింది. 2010లో అడోబీ ఫొటో సాఫ్ట్‌వేర్ లైట్‌రూమ్ 3 లెన్స్ ప్రొఫైళ్లను, అంటే ఒక్కో లెన్స్‌కు దిద్దుబాటు కొలతలను తెచ్చింది.

ఈ దిద్దుబాటు ఉచితం కాదు. ఉబ్బిన బొమ్మను చదును చేయాలంటే మూలలను సాగదీయాలి. అక్కడ లేని పిక్సెళ్లను పక్కవాటి నుంచి ఊహించి నింపాలి. మూల 2 స్టాపులు (ఒక్కో స్టాపుకు వెలుతురు సగం) చీకటిగా ఉంటే వెలుతురును 4 రెట్లు పెంచాలి, దానితో పాటు నాయిస్ (ఫొటోలో కనిపించే రేణువుల మచ్చలు) కూడా పెరుగుతుంది. రంగు చారల సంగతి వేరు: ఎరుపు, నీలం పొరల కొలతను కాస్త సవరిస్తే చాలు, పెద్దగా పోయేదేమీ లేదు. మసకబారి పోయిన వివరాలను మాత్రం ఏ లెక్కా పూర్తిగా వెనక్కి తేలేదు. అలాగని గాజుతో దిద్దినా నష్టం లేకపోలేదు. ఆ మూల్యం భుజానికి, జేబుకు తెలుస్తుంది. ఈ బేరం న్యాయమైనదేనని నా అభిప్రాయం.

ఇక కెమెరాలోనా, కంప్యూటర్‌లోనా అంటే, రెండూ చాలావరకు అవే కొలతలను వాడతాయి. జూమ్, అపర్చర్, ఫోకస్ దూరం ఆ క్షణంలో ఎంతో కెమెరాకు నేరుగా తెలుసు. కంప్యూటర్‌కు తీరిక ఎక్కువ: పిక్సెళ్లను మరింత జాగ్రత్తగా లెక్కించగలదు, మనం కావాలన్నంతే దిద్దగలదు. పెళ్లి ఫొటోలు ఆ రాత్రికే ఇవ్వాల్సినవారికి జేపెగ్ దిద్దుబాటు వరమే. నక్షత్రాలను తీసేవారికి అదే తలనొప్పి: మూలల చీకటిని వారు విడిగా తీసుకున్న ఫ్లాట్ ఫ్రేములతో (సమంగా వెలిగే ఉపరితలం ఫొటోలతో) కొలుస్తారు, కెమెరా ముందే చేయి పెడితే ఆ లెక్క తప్పుతుంది.

నాకు కోపం తెప్పించేది దిద్దుబాటును ఆపే మీట లేకపోవడం. కొన్ని లెన్స్‌లకు లైట్‌రూమ్ ‘ప్రొఫైల్ అమలైంది’ అని చెప్పి ఊరుకుంటుంది, ఆపే అవకాశం ఇవ్వదు. వంకరను అలాగే చూడదలిస్తే రాథెరపీ వంటి ఉచిత సాఫ్ట్‌వేర్‌లో తెరిచి, లెన్స్ దిద్దుబాటును ఆపేయాలి.