ఐపీ అడ్రస్ చూస్తే ఇల్లు తెలిసిపోతుందా? అపోహలు - వాస్తవాలు

గాజువాకలో మాడుగుల హల్వా అమ్మే బాబాయ్ ఒకాయన తన వెబ్‌సైట్ రిపోర్టు పట్టుకుని మధురవాడలో మా ఆఫీసుకి వచ్చారు. "ఏటమ్మా ఇది? చూసేవోళ్లందరూ హైదరాబాదోళ్లేనట. మనూర్లో ఎవులికీ అక్కర్లేదేటి నా హల్వా?" అన్నారు. హైదరాబాదులో షాపు అద్దెకు తీసుకోవడానికి అడ్వాన్స్ కూడా సర్దుకున్నారు. ఆర్డర్ల పిన్‌కోడ్‌లు తీసి చూపించాను. ఎక్కువ భాగం 530, 531తో మొదలయ్యేవే. అంటే విశాఖ, అనకాపల్లి చుట్టుపక్కలవే.

ఆయనకు నమ్మకం కుదరలేదు. ఆయన ఫోనే నా టేబుల్ మీద పెట్టి మా వైఫైకి కలిపాను. ఐపీని బట్టి చూస్తే లొకేషన్ విశాఖపట్నం అని వచ్చింది. వైఫై తీసేసి మొబైల్ డేటా ఆన్ చేశాం. ఫోన్ అంగుళం కూడా కదల్లేదు, ఊరు మాత్రం హైదరాబాద్ అయిపోయింది!

అపోహ: ఐపీ అడ్రస్ అంటే ఇంటి అడ్రస్ లాంటిదే.

ఐపీ అడ్రస్ అంటే మనం నెట్ వాడేటప్పుడు ఇంటర్నెట్ కంపెనీ మన కనెక్షన్‌కి ఇచ్చే నంబరు. ఆ నంబరులో ఊరు పేరేమీ ఉండదు. ఆ నంబర్ల వరుస ఎవరి పేరున నమోదైంది, ఇంటర్నెట్ కంపెనీ దాన్ని ఎక్కడ వాడుతున్నానని చెప్పింది, సిగ్నల్ వెళ్లి రావడానికి ఎంతసేపు పట్టింది లాంటివి చూసి డేటాబేస్‌లు అంచనా వేస్తాయి. దేశం దాదాపు సరిగ్గానే వస్తుంది. ఊరి దగ్గరకొచ్చేసరికి తప్పుతుంది, మొబైల్ డేటాలో మరీనూ. పాత పద్ధతి (ఐపీవీ4) ఐపీ నంబర్లు చాలక మొబైల్ కంపెనీలు ఎంతోమంది కస్టమర్లను ఒకే నంబరు వెనక ఉంచుతాయి. వాళ్ల ట్రాఫిక్ ఏ ఊరి గేట్‌వే (ఇంటర్నెట్‌లోకి వెళ్లే ద్వారం) నుంచి బయటికి వెళ్తే రిపోర్టులో ఆ ఊరి పేరే పడుతుంది.

అపోహ: తప్పుగా చూపిస్తే చూపించింది, ఎవరికి నష్టం?

నన్ను అన్నిటికన్నా ఎక్కువ బాధపెట్టే మాట ఇది. అమెరికాలో మ్యాక్స్‌మైండ్ అనే కంపెనీ డేటాబేస్ ఉంది. దేశం తప్ప ఇంకేమీ తెలియని అమెరికా ఐపీలన్నిటికీ అది దేశం నడిమధ్యన ఒక బిందువు ఇచ్చేది. 38 డిగ్రీల ఉత్తరం, 97 డిగ్రీల పశ్చిమం. ఆ బిందువు కాన్సస్ రాష్ట్రంలో పాట్విన్ అనే చిన్న ఊరి దగ్గర ఒక పొలంలో పడింది. 60 కోట్లకు పైగా ఐపీలు ఆ ఒక్క ఇంటినే చూపించేవి. ఏ పాపం తెలియని ఆ ఇంటివాళ్ల గుమ్మంలోకి ఏళ్ల తరబడి పోలీసులు, ఆన్‌లైన్‌లో మోసపోయినవాళ్లు వస్తూనే ఉన్నారు. 2016లో విషయం బయటపడ్డాక ఆ బిందువును ఒక చెరువులోకి జరిపారు. అందుకే మ్యాప్ మీద చుక్క పెట్టమని ఎవరడిగినా నేను ఒప్పుకోను. డేటాబేస్ ఎన్ని కిలోమీటర్ల తేడా ఉండొచ్చో కూడా చెబుతుంది, అంత వృత్తం గీస్తాను.

అపోహ: ఊరే సరిగ్గా తెలియనప్పుడు అది వ్యక్తిగత సమాచారం ఎలా అవుతుంది?

సర్వర్ లాగ్‌లో, అంటే సైట్‌కి ఎవరెప్పుడు వచ్చారో రాసుకునే చిట్టాలో, ఒక్క లైను చూడండి: రాత్రి 11:42, 203.0.113.45, షుగర్ మందుల పేజీ. ఈ లైనొక్కటే ఉంటే ఎవరో తెలియదు. అదే నంబరుతో రెండు నిమిషాల తర్వాత ఎవరో లాగిన్ అయితే పేరు, ఫోన్ నంబరు, జబ్బు ఒక్కచోటికి చేరే వీలుంటుంది. టైముతో సహా అడిగితే ఆ నంబరు ఎవరికిచ్చిందో ఇంటర్నెట్ కంపెనీ చాలాసార్లు చెప్పగలదు. మారుతూ ఉండే ఐపీ కూడా వ్యక్తిగత సమాచారం కావొచ్చని యూరప్ అత్యున్నత న్యాయస్థానం 2016లోనే తీర్పు ఇచ్చింది. మన 2023 డేటా రక్షణ చట్టం కూడా మనిషిని గుర్తుపట్టగలిగే ఏ డేటానైనా వ్యక్తిగతమనే అంటుంది.

అపోహ: హాష్ చేసేశాం, ఇక టెన్షన్ లేదు.

హాష్ అంటే ఐపీని ఒక లెక్క ప్రకారం అర్థం కాని అక్షరాల వరుసగా మార్చడం. కానీ పాత పద్ధతి ఐపీలు మొత్తం కలిపి సుమారు 429 కోట్లే. అన్నిటినీ హాష్ చేసి పోల్చుకోవడం మామూలు ల్యాప్‌టాప్‌కి ఒక పూట పని. దానికన్నా చివరి భాగం కొట్టేసి 203.0.113.0 అని ఉంచితే 256 నంబర్ల గుంపులో కలిసిపోతుంది. పూర్తి రక్షణ కాదుగానీ, చాలా నయం.

అపోహ: గూగుల్ అనలిటిక్స్ 4 ఐపీలు దాచదు కాబట్టి మా దగ్గరా లేవు.

మొదటి సగం నిజం. సైట్‌కి వచ్చేవాళ్ల లెక్కలు చూపించే ఆ గూగుల్ సాధనం ఐపీతో ఊరు అంచనా వేసి, ఐపీని పారేస్తుంది. కానీ మీ సొంత వెబ్ సర్వర్ మాటేమిటి? ఎన్‌జిన్‌ఎక్స్ అయినా అపాచీ అయినా ఎవరూ మార్చకపోతే ప్రతి ఐపీనీ లాగ్‌లో రాసుకుంటూనే ఉంటుంది. బ్రౌజర్‌లో ఇన్‌కాగ్నిటో (ప్రైవేట్ విండో) సంగతి కూడా అంతే, అందులో తెరిచినా ఐపీ మారదు.

అలాగని లాగ్‌లన్నీ వెంటనే తుడిచేయకూడదు. కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ 2022 ఆదేశాల ప్రకారం 180 రోజుల లాగ్‌లు ఉంచాలి. మా ఆఫీసులో అవి సెక్యూరిటీ చూసేవాళ్ల దగ్గర తాళంలో ఉంటాయి, అనలిటిక్స్ టీమ్‌కి కత్తిరించిన నంబర్లే వస్తాయి. బాబాయ్ రిపోర్టులో ఇప్పుడు సిటీ కాలమ్ తీసేశాం. దాని బదులు ఆర్డర్ల పిన్‌కోడ్‌లో మొదటి మూడంకెలు ఉంటాయి.