వారం కిందటి ఎండ

పరకాల దగ్గర మా చిన్నాయన అర ఎకరంలో టమాటా వేశాడు. ఏప్రిల్‌లో వెళ్లి చూస్తే చెట్టు పచ్చగా ఉంది, పూత నిండుగా ఉంది. కొమ్మను అలా తట్టానో లేదో నాలుగు పూలు రాలాయి. కాడ మధ్యలో ఉండే కణుపు దగ్గర, కత్తిరించినట్టు.

"నీళ్లు సరిపోతలేవేమో బిడ్డా" అన్నాడు. డ్రిప్ పైపు కింద మట్టి తడిగానే ఉంది.

లోపం పుప్పొడిలో ఉంది. టమాటా పువ్వుకు తేనెటీగ కోసం ఎదురుచూపు లేదు. గాలికి ఊగితే చాలు, తన పుప్పొడి తనకే అందుతుంది. కానీ ఆ పుప్పొడి తయారయ్యేది పువ్వు విచ్చుకోవడానికి వారం, పది రోజుల ముందు, చిన్న మొగ్గలో. అప్పుడు పగలు 35 డిగ్రీలు దాటి, రాత్రి కూడా చల్లబడకపోతే పుప్పొడి రేణువులు తాలు పోతాయి, అచ్చం వడ్ల లాగే. అంటే ఈరోజు రాలిన పువ్వు చెప్పేది వారం కిందటి ఎండ సంగతి. పూత రాలుతోందని ఈరోజు మందు కొడితే ఏం లాభం?

షేడ్ నెట్ పగటి ఎండను తగ్గిస్తుంది, మంచిదే. కానీ మేలో అర్ధరాత్రి కూడా డాబా మీద పక్క సెగ కొడుతుంది. ఆ రాత్రి వేడిని నెట్ ఏం చేయగలదు? నన్నడిగితే నెట్ కన్నా క్యాలెండర్ ముఖ్యం. నవంబర్‌లో నారు నాటితే పిందె కట్టే పని చలిలోనే చాలావరకు అయిపోతుంది. పైగా 30 డిగ్రీలు దాటితే కాయకు ఎరుపునిచ్చే లైకోపీన్ సరిగా తయారుకాదు. ఎండాకాలం టమాటా నారింజ రంగులోనే ఆగిపోవడం, మార్కెట్లో బేరం తగ్గడం అందుకే.

ఎండ పోతే వాన. 2023 జులైలో ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో ఒక్క రోజులో 649.8 మిల్లీమీటర్లు కురిసింది. అంత వానకు ఏ తోటా ఆగదనుకోండి. మామూలు ముసురుకే మడిలో రెండు రోజులు నీళ్లు నిలిస్తే టమాటా వేరుకు ఊపిరాడదు, చెట్టు వాడిపోతుంది. వంకాయ వేరు ఇంకొన్ని రోజులు ఓర్చుకుంటుంది. రెండూ ఒకే కుటుంబం కాబట్టి వంగ నారు మొదలు మీద టమాటా కొనను ఏటవాలుగా కోసి, క్లిప్పుతో అంటు కడతారు. వారం రోజులు నీడలో, తేమలో ఉంచితే అతుక్కుంటుంది. మొక్క ఖరీదు పెరుగుతుంది, అందుకని నీళ్లు నిలిచే చెలకకే ఇది గిట్టుబాటు.

చిన్నాయనకు చెబితే నవ్వాడు. "మరి కాయ ఏం రుచి వస్తది?"

"టమాటా రుచే. వేరు పని నీళ్లు తాగుడే."

"ఈ వానాకాలం ఒక సాలు వేసి చూద్దాం తియ్" అన్నాడు.