కుచ్మా పేరును వదలని గొంగాద్జే కేసు

ఉక్రెయిన్ రెండో అధ్యక్షుడు లియోనిద్ కుచ్మా అనగానే ఈ తరానికి గుర్తొచ్చేది మిన్స్క్ శాంతి చర్చలు. 2014లో తూర్పున యుద్ధం మొదలయ్యాక కీవ్ తరఫున అక్కడ కూర్చున్న పెద్దమనిషి ఆయనే. అంతకు పద్నాలుగేళ్ల ముందు, జర్నలిస్టు గియోర్గి గొంగాద్జే హత్యపై మండిపడి, అదే కీవ్‌లో జనం చలికి వణుకుతూ గుడారాలు వేసుకుని, ‘కుచ్మా లేని ఉక్రెయిన్’ కావాలన్నారు.

ఆయన చేసినవి చిన్న పనులు కావు. ద్నీప్రోలోని రాకెట్ల ఫ్యాక్టరీ డైరెక్టరుగా పనిచేసి, 1994లో అధ్యక్షుడయ్యేనాటికి దేశంలో డబ్బుకు విలువ లేదు. అంతకుముందు ఏడాదిలోనే ధరలు వంద రెట్లు పెరిగాయి. అణ్వాయుధాలు వదులుకుంటూ 1994 డిసెంబరు 5న బుడాపెస్ట్‌లో సంతకం చేసింది ఆయనే. 1996లో రాజ్యాంగం, కొత్త కరెన్సీ హ్రివ్నియా వచ్చాయి. ఆ రాజ్యాంగం 15వ అధికరణలో ఒక మాట ఉంది: సెన్సార్‌షిప్ నిషిద్ధం.

ఆ మాటను తుంగలో తొక్కింది కూడా ఆయన హయాంలోనే. టీవీ న్యూస్‌రూమ్‌లకు ‘టెమ్నిక్‌లు’ వచ్చేవి. సంతకం ఉండదు, లెటర్‌హెడ్ ఉండదు. ఏ వార్త వేయాలి, ఏది వదిలేయాలి, ప్రతిపక్ష నేతను ఎలా చూపించాలి, అన్నీ ఆ కాగితాల్లోనే. అవి అధ్యక్ష కార్యాలయం నుంచే వస్తున్నాయని జర్నలిస్టులు బాహాటంగా చెప్పారు. పెద్ద చానళ్లు కొన్ని ఆయన అల్లుడు విక్టర్ పించుక్ చేతిలో ఉండేవి. టీవీలో చోటు లేని వార్తల కోసమే గియోర్గి గొంగాద్జే 2000 ఏప్రిల్‌లో ‘ఉక్రాయిన్‌స్కా ప్రావ్దా’ అనే వెబ్ పత్రిక పెట్టారు. సెప్టెంబరు 16 రాత్రి ఆయన మాయమయ్యారు. నవంబరులో తరాష్చా దగ్గర అడవిలో తల లేని శవం దొరికింది. అదే నెల 28న ప్రతిపక్ష నేత ఒలెక్సాందర్ మొరోజ్ పార్లమెంటులో కొన్ని రికార్డింగుల సంగతి బయటపెట్టారు. అధ్యక్షుడి అంగరక్షకుడు మికోలా మెల్నిచెంకో చేసిన ఆ రికార్డింగుల్లో, గొంగాద్జేను వదిలించుకోవాలంటున్న గొంతు కుచ్మాదేనని మొరోజ్ ఆరోపణ. టేపులను మార్చేశారని కుచ్మా సమాధానం.

2004లో ఆ నోరుమూత బద్దలైంది. రిగ్గింగ్ జరిగిన అధ్యక్ష ఎన్నికలో కుచ్మా బలపరిచిన యనుకోవిచ్ గెలిచారని నవంబరు 25న ప్రభుత్వ టీవీ చదువుతోంది. తెర మూలలో సంజ్ఞా భాషలో వార్తలు చెబుతున్న నతాలియా ద్మిత్రుక్ మాత్రం, ఇది అబద్ధం, నమ్మకండి అని బధిర ప్రేక్షకులకు చేతులతో చెప్పారు. ఈ ఘట్టం తలుచుకుంటే నాకిప్పటికీ ఒళ్లు గగుర్పొడుస్తుంది. వీధుల్లోకొచ్చిన జనం మీద బలప్రయోగానికి కుచ్మా ఒప్పుకోలేదు. అది ఆయన ఖాతాలో వేయాల్సిన మంచే. అంతమాత్రాన గొంగాద్జే ప్రాణం చెల్లుకు చెల్లు అయిపోదు.

కేసు మాత్రం నత్తనడకన సాగింది. 2005 మార్చిలో, వాంగ్మూలం ఇవ్వాల్సిన రోజునే మాజీ హోంమంత్రి క్రావ్చెంకో తలలో రెండు తూటాలతో చనిపోయి కనిపించారు. అది ఆత్మహత్యేనన్నారు. గొంగాద్జేను రక్షించలేదని, దర్యాప్తూ సరిగ్గా చేయలేదని అదే ఏడాది యూరోపియన్ మానవ హక్కుల కోర్టు ఉక్రెయిన్‌ను తప్పుపట్టింది. గొంగాద్జేను చంపినందుకు పోలీసు జనరల్ పుకాచ్‌కు 2013లో యావజ్జీవ శిక్ష పడింది. 2011లో కుచ్మా మీదా అభియోగం పెట్టారు గానీ, అక్రమంగా చేసిన రికార్డింగులు సాక్ష్యంగా చెల్లవంటూ ఆ ఏడాది డిసెంబరులో కోర్టు కొట్టేసింది.

ఆ శవం తన కొడుకుదేనని గొంగాద్జే తల్లి ఒప్పుకోలేదు. ఆమె 2013లో కన్నుమూశారు. గొంగాద్జేను 2016 మార్చిలో కీవ్‌లో ఖననం చేశారు. ఆ హత్య చేయించమని మాజీ మంత్రి క్రావ్చెంకోకు పైనుంచి ఆదేశం వచ్చిందా అన్నది ఏ కోర్టూ తేల్చలేదు.