ఆ నీలం రంగు ఎక్కడిది?

2020 మార్చి 28. లాక్‌డౌన్ మొదలై నాలుగో రోజు. నల్లగొండలో మా ఇంట్లో పొద్దున తొమ్మిదింటికి అందరం దూరదర్శన్ ముందు కూర్చున్నాం. రామాయణం మళ్లీ వేస్తున్నారని ముందు రోజే వాట్సాప్‌లో తెలిసింది. 1987 జనవరి 25న మొదలైన ఆ సీరియల్‌ను ముప్పై మూడేళ్ల తర్వాత చూడబోతున్నానంటే నాకు చిన్నపిల్లాడికి ఉన్నంత ఆత్రం. అమ్మ గోడకు ఆనుకుని కళ్లు మూసుకుంది. నిద్ర పట్టిందేమోనని సౌండ్ తగ్గించబోతే, "ఉండనియ్యి" అన్నది.

పది నిమిషాలకే నాకు ఏదో వెలితిగా అనిపించింది. నాకు గుర్తున్న ఆకాశం ఇంతకంటే చాలా నీలం. చిక్కటి నీలం. నది కూడా అంతే. ఇక్కడ చూస్తే వెలిసిపోయినట్టుంది. పాత టేపు కదా, రంగు పోయి ఉంటుందని సర్దుకున్నా. మధ్యాహ్నం మిర్యాలగూడలో ఉన్న అక్కకు ఫోన్ చేసి ఇదే చెప్పాను.

"మనకు కలర్ టీవీ ఎక్కడిది తమ్మీ? సారోళ్లది బ్లాక్ అండ్ వైట్. ముంగట నీలం అద్దం పెట్టిండ్రు. యాదికి లేదా?"

ఒక్కసారిగా గుర్తొచ్చింది. అప్పుడు మేం ఉన్నది దేవరకొండ దగ్గర ఒక పల్లెలో. మా గోడ పక్కనే సారోళ్ల ఇల్లు. రెండు చెక్క తలుపుల షట్టర్ ఉన్న ఈసీ టీవీ వాళ్లది. హైదరాబాద్ ఈసీఐఎల్‌లో తయారైనది. తెర మీద నీలం రంగు ప్లాస్టిక్ పలక ఒకటి బిగించి ఉండేది. కళ్లకు మంచిదని కొందరు, కలర్‌లాగ కనిపిస్తుందని కొందరు దాన్ని కొనుక్కునేవాళ్లు. అంటే ఇన్నేళ్లూ నేను దాచుకున్న ఆకాశం ఆ పలకది.

మరి రాముడి పసుపుబట్టలు, సీత ఎర్రచీర? అవి కూడా 1987 నుంచే గుర్తున్నాయని నేను ప్రమాణం చేసి చెప్పేవాణ్ణి. ఆ నీలం పలక వెనక పసుపు, ఎరుపు కనిపించే వీలే లేదు. తర్వాతెప్పుడో క్యాలెండర్లలో, కలర్ టీవీల్లో, యూట్యూబ్‌లో చూసిన రంగులు వెనక్కి వెళ్లి సారోళ్ల ఇంట్లోని ఆ దృశ్యానికి అంటుకున్నాయి. ఒకే జ్ఞాపకంలో నీలం నిజం, మిగతా రంగులు తర్వాత పూసినవి. లోపల నుంచి చూస్తే మాత్రం రెంటికీ తేడా తెలియదు. ఈ విషయం నన్ను చాలా రోజులు వదల్లేదు.

జ్ఞాపకం అల్మారాలో పెట్టిన ఫొటో లాంటిది కాదని బ్రిటిష్ మనస్తత్వవేత్త ఫ్రెడరిక్ బార్ట్‌లెట్ 1932లోనే చెప్పాడు. తాను చదివించిన ఒక కథను జనం మళ్లీ మళ్లీ ఎలా చెబుతారో గమనించాడు. చెప్పిన ప్రతిసారీ తమకు తెలియనివి జారవిడిచి, తమకు అలవాటైన తీరులో కథను కట్టుకుంటూ పోయారు. 2000లో కరీం నాదర్, అతని సహచరులు ఎలుకల మీద చేసిన ప్రయోగం ఇంకో అడుగు ముందుకు వేసింది. ఒక శబ్దం వినిపించి షాక్ ఇస్తే, తర్వాత ఆ శబ్దానికే ఎలుకలు భయపడతాయి. ఆ భయం గుర్తొచ్చిన వెంటనే మెదడులో కొత్త ప్రొటీన్లు తయారు కాకుండా మందు ఇస్తే, గట్టిపడిందనుకున్న పాత భయం కూడా బలహీనపడింది. గుర్తు చేసుకున్న జ్ఞాపకం కాసేపు పచ్చిగోడలా మెత్తబడి, మళ్లీ గట్టిపడాల్సి ఉంటుందన్న మాట. ఆ కాసేపట్లో దాని మీద కొత్త రంగు పడవచ్చు. మనుషుల జ్ఞాపకాల్లో ఇది ఎంతమేరకు జరుగుతుందన్న చర్చ ఇంకా నడుస్తూనే ఉంది. నా మట్టుకు నాకు, సీత ఎర్రచీర అలాగే వచ్చి ఉంటుందనిపిస్తుంది.

టీవీ రంగు కలల్లోకి కూడా పోతుందట. స్కాట్లాండ్‌లోని డండీ విశ్వవిద్యాలయంలో ఎవా ముర్జిన్ 2008లో ప్రచురించిన అధ్యయనంలో, చిన్నప్పుడు బ్లాక్ అండ్ వైట్ టీవీ మాత్రమే చూసిన పెద్దవాళ్లు తమకు నలుపు తెలుపు కలలు వస్తాయని ఎక్కువగా చెప్పారు.

ఇక యాంటెన్నా సంగతి. సారోళ్ల మిద్దె మీద ముప్పై అడుగుల ఇనుప పైపు, దాని చివర అల్యూమినియం పుల్లలు. 1926లో జపాన్‌లో షింటారో ఉడా, హిడెట్సుగు యాగి తీసిన డిజైన్ అది. "వచ్చిందా?" "రాలే, ఇంకింత తిప్పు!" "ఆ… ఆ… పోయింది! ఎనకకు, ఎనకకు!" ఈ కేకలు వినని పిల్లలు మా తరంలో ఉండరు. హైదరాబాద్ టవర్ మాకు దాదాపు వంద కిలోమీటర్లు. టీవీ తరంగాలు ఇంచుమించు తిన్నగా పోతాయి, భూమేమో వంగి ఉంటుంది. టవర్ నూటయాభై మీటర్లు అనుకుంటే, మా ముప్పై అడుగుల పైపుతో కలిపి లెక్కేసినా అరవై చిల్లర కిలోమీటర్లకే చూపు ఆగిపోతుంది. ఆ లెక్క ప్రకారం మా ఊరికి బొమ్మ రాకూడదు. తరంగాలు గుట్టల అంచుల దగ్గర కొంచెం వంగి, గాలి పొరల్లో కొంచెం చెదిరి మా దాకా చేరేవి. అందుకే తెర నిండా చుక్కలు. చలికాలం రాత్రుళ్లు నేల త్వరగా చల్లబడి, కింద చల్లగాలి, పైన వెచ్చగాలి పొరలుగా నిలిస్తే, తరంగాలు ఆ పొరల మధ్య వంగి చాలా దూరం వస్తాయి. సంక్రాంతి ముందు శుక్రవారాల్లో సినిమా పాటల చిత్రలహరి అద్దంలా వచ్చేదని అక్క ఇప్పటికీ అంటుంది. పండుగ సంబరం కలిసిన మాటేమో అనుకునేవాణ్ణి. గాలి కూడా సాయం చేసిందని తర్వాత అర్థమైంది.

ఇంకో శబ్దం ఉండేది. టీవీ సౌండ్ పూర్తిగా తగ్గించినా, గల్లీలో నిలబడి లోపల టీవీ నడుస్తుందో లేదో నేను చెప్పేవాణ్ణి. సన్నగా, చెవిలో సూది పెట్టినట్టు ఒక కూత. సారుకు అది వినపడేది కాదు, నన్ను చూసి నవ్వేవారు. దాని లెక్క ఇది: పాత టీవీ తెర మీద బొమ్మను 625 గీతలుగా, సెకనుకు 25 సార్లు గీస్తారు. రెండూ గుణిస్తే 15,625. సెకనుకు అన్నిసార్లు కరెంటు ఊగేసరికి లోపలి ట్రాన్స్‌ఫార్మర్ అదే స్థాయిలో కూస్తుంది. పిల్లల చెవి సుమారు 20,000 దాకా వింటుంది. వయసు పెరిగే కొద్దీ పైనుంచి తరుగుతూ వస్తుంది. ఆ కూత కార్యక్రమంలోది కాదు, పెట్టెలోది. కాబట్టి సీరియల్ రికార్డింగులో ఆ కూత ఉండదు. ఎక్కడైనా ఒక పాత పెట్టె దొరికి, మళ్లీ ఆన్ చేసినా, ఇప్పుడు నా చెవికి అందదు. నా చిన్నతనంలో నిజంగా వెనక్కి రానిది ఏదైనా ఉందంటే అది ఈ కూతే.

ఆ వయసే ఎందుకు ఇంత గట్టిగా పట్టుకుంటుంది? పెద్దవాళ్లను జీవితంలోని సంఘటనలు చెప్పమంటే, పదేళ్ల నుంచి ముప్పై ఏళ్ల మధ్యవి మిగతా వయసులకంటే గుంపుగా వస్తాయని డేవిడ్ రూబిన్, అతని సహచరులు 1986లో చూపించారు. మొదటిసారి జరిగేవన్నీ ఆ కాలంలోనే ఎక్కువ, మనం ఫలానా అనే ఊహ కుదురుకునేదీ అప్పుడే అన్నది ఒక వివరణ. 1987లో నాకు పదకొండు.

లాక్‌డౌన్‌లో దేశమంతా పాత సీరియళ్ల ముందు ఎందుకు కూర్చుందో కూడా దీంతో కొంత తెలుస్తుంది. 1688లో స్విట్జర్లాండ్ వైద్య విద్యార్థి యోహాన్నెస్ హోఫర్ 'నోస్టాల్జియా' అనే పేరు పెట్టినప్పుడు అది ఇంటి మీద బెంగతో వచ్చే జబ్బు. సౌతాంప్టన్ విశ్వవిద్యాలయంలో టిమ్ వైల్డ్‌షుట్, కాన్‌స్టాంటైన్ సెడికిడిస్ బృందం 2006లో ఆ మాటను దాదాపు తిరగేసి చూపింది. దిగులుగా, ఒంటరిగా ఉన్నప్పుడు మనసు తనంతట తాను పాత రోజులకు పోతుంది, పోయి వచ్చాక నాకు మనుషులున్నారన్న ధీమా పెరుగుతుంది. అది రోగమని నేనూ అనుకోను. ఆ వారాల్లో మా ఇంట్లో నాలుగు గదుల్లో నాలుగు ఫోన్లు పట్టుకుని కూర్చునే వాళ్లం రోజుకు రెండుసార్లు ఒకే గదిలోకి వచ్చాం.

అయితే పాత కార్యక్రమం చూస్తే మనకు తిరిగి వచ్చేది కార్యక్రమం ఒక్కటే కాదు. మెదడులో హిప్పోకాంపస్ అనే భాగం ఒక క్షణంలోని చూపు, చప్పుడు, వాసన, చోటు అన్నిటినీ కలిపి కట్ట కడుతుంది. ఏ ఒక్క పోగు లాగినా మిగతావి కదులుతాయి. నాకు రామాయణం పాట వినగానే ఈతచాప గీతలు తొడల మీద అచ్చుపడ్డ మంట గుర్తొస్తుంది. అక్కకు సారోళ్ల ఇంటి పల్లికాయల వాసన. పోగు ఒకటే, కట్టలు వేరు.

రెండో వారంలో అమ్మను అడిగాను, నీకు ఏ సీన్ గుర్తుందమ్మా అని.

"నేనెన్నడు చూసిన బిడ్డా, ఇన్నదే. మీరంత ఆడ కూసుంటిరి. నేను ఈడ జొన్నరొట్టెలు చేసుకుంట గోడ ఇవతలికెల్లి ఇంటుంటి."

ఏడాదిన్నర పాటు, ప్రతి ఆదివారం. హిందీ మాటలు సగం తెలియవు, కథ అంతా తెలుసు. ఏ పాట తర్వాత ఎవరు మాట్లాడతారో, ఎక్కడ ఏడుపు వస్తుందో గొంతులతో సహా ఆమెకు కంఠతా వచ్చు. ఆ గొంతుల వెంట రొట్టె తట్టే చప్పుడు, పెనం మీది కమురు వాసన. తెర చూస్తే అవేవీ రావట అమ్మకు. అందుకే తొలిరోజు నుంచీ కళ్లు మూసుకుంటోంది.

ఆ రాత్రి తొమ్మిదింటికి టీవీ పెట్టాక, నేను కూడా అమ్మ పక్కన గోడకు ఆనుకుని కళ్లు మూసుకున్నా.