చప్పుడు ఆగిన వైపే నక్క

ప్రియమైన పిల్లలకు,

ఆ రోజు చెవులకు హెడ్‌ఫోన్లు తగిలించుకుని, వల ఊడిపోయిన టెన్నిస్ రాకెట్ లాంటి చట్రం ఒకటి చేత్తో పట్టుకుని పొలం గట్ల మీద పరుగెడుతున్న నన్ను చూసి "తాతయ్యా, ఏం వెతుకుతున్నావ్?" అని అరిచారు. "నక్కని" అనేసి వాగు దాటాను. మీరు పడీ పడీ నవ్వారని తర్వాత తెలిసింది. అప్పుడు ఆగి చెప్పే వీల్లేదు మరి, గడియారం నడుస్తోంది. పైగా పోటీలో ఉన్నవాడు ఎవరి సాయమూ తీసుకోకూడదు. మీతో మాటలు కలిపితే అదో అనుమానం! ఇప్పుడు తీరిగ్గా చెబుతాను.

నేను ఆడింది రేడియో దాగుడుమూతలు. దాని అసలు పేరు రేడియో దిశాన్వేషణ. పోటీల్లో ఏఆర్‌డీఎఫ్ (అమెచ్యూర్ రేడియో డైరెక్షన్ ఫైండింగ్) అంటారు. ఆడే మాకు మాత్రం అది నక్కవేటే. నక్క అంటే ఏ పొదలోనో, బండరాయి వెనకో దాచిన చిన్న ట్రాన్స్‌మిటర్, అంటే రేడియో సంకేతం పంపే పెట్టె. దానికి కాళ్లు లేవు గానీ మా కాళ్లు అరగదీస్తుంది. లైసెన్సు తీసుకుని సరదాకీ, నేర్చుకోవడానికీ రేడియో నడిపేవాళ్లని హ్యామ్‌లు అంటారు. ఇది వాళ్ల మధ్య పుట్టిన ఆట. 1961లో స్టాక్‌హోంలో మొదటి యూరప్ పోటీలు, 1980లో పోలండ్‌లోని సెట్నియెవోలో మొదటి ప్రపంచ పోటీలు జరిగాయి.

మామూలు పోటీలో నక్కలు ఐదు. అన్నీ ఒకే ఫ్రీక్వెన్సీ మీద పలుకుతాయి, కానీ వంతులవారీగా. ఒకటోది ఒక నిమిషం పలికి నోరు మూసుకోగానే రెండోది అందుకుంటుంది. ఐదోది కూడా అయ్యాక మళ్లీ ఒకటోది. అంటే ఏ నక్కయినా ఒక నిమిషం కూసి, నాలుగు నిమిషాలు కిక్కురుమనదు. ఏది ఏ నక్కో తెలియడానికి మోర్స్ కోడ్ ఉంది, అంటే పొట్టి, పొడుగు కూతలతో అక్షరాలు చెప్పే పద్ధతి. పొడుగు కూత "డా", పొట్టిది "డిట్". "డా డా, డా డా డా" అని అన్నీ ఒకలాగే మొదలుపెట్టి, చివర్లో తమ నంబరుకు తగినన్ని "డిట్"లు కొడతాయి. కాబట్టి మోర్స్ రాకపోయినా ఫరవాలేదు, ఐదు దాకా లెక్కపెట్టడం వస్తే చాలు. గమ్యం దగ్గర ఆరోది ఒకటి ఉంటుంది. అది వేరే ఫ్రీక్వెన్సీలో, డిట్‌లు లేకుండా, ఆపకుండా పలుకుతూనే ఉంటుంది. దారి తప్పినవాళ్లు దాన్ని పట్టుకుని తిరిగి రావచ్చు. నేను రెండుసార్లు అలాగే బయటపడ్డాను.

ఇక అసలు కిటుకు. నా చేతిలోని చట్రం తీగ చుట్టిన ఏరియల్. అది పట్టిన కూతను రిసీవర్ హెడ్‌ఫోన్లకు అందిస్తుంది. మీరైతే ఏం చేస్తారు? చట్రాన్ని అటూ ఇటూ తిప్పి, కూత ఎటు గట్టిగా వినిపిస్తే అటు పరుగెడతారు. కొత్తలో నేనూ అదే చేశాను, అందరికంటే ఆఖర్న వచ్చాను. ఎందుకో చెబుతాను. రేడియో అల వెంట ఒక అయస్కాంత క్షేత్రం ఊగుతూ వస్తుంది. ఆ ఊగుడు అల నడిచే దిక్కుకు అడ్డంగా ఉంటుంది. అది చట్రం గుండా దూరినప్పుడే తీగలో కరెంటు పుడుతుంది. చట్రం అంచు నక్క వైపు ఉంటే బాగా దూరుతుంది, కూత గట్టిగా వస్తుంది. చట్రం ముఖం నక్కకు ఎదురుగా పెడితే దూరేది ఏమీ లేదు, కూత చచ్చిపోతుంది. మేం వెతికేది ఆ చచ్చిపోయే చోటునే.

గట్టి చోటు ఎందుకు పనికిరాదంటే, ఉయ్యాల గుర్తు తెచ్చుకోండి. పైకి పోయిన కొస దగ్గర అది దాదాపు ఆగినట్టే ఉంటుంది, కిందికొచ్చినప్పుడే జోరు. ఇదీ అంతే. గట్టిగా వినిపించే దిక్కు నుంచి చట్రాన్ని 10 డిగ్రీలు తిప్పినా, నూటికి రెండు పాళ్లు కూడా తగ్గదు. ఆ తేడా ఏ చెవికి తెలుస్తుంది? అదే నిశ్శబ్దం దగ్గర 10 డిగ్రీలు తిప్పితే సున్నా నుంచి 17 పాళ్లకు లేస్తుంది. చెవిటివాడికైనా తెలుస్తుంది అనబోయాను, నా చెవులు కూడా ఇప్పుడు అంతంతమాత్రమే కదా, ఆగాను.

కానీ నిశ్శబ్దంలో ఒక మోసం ఉంది. చట్రం ముఖం ముందువైపు పెట్టినా, వెనక్కి తిప్పి పెట్టినా కూత ఒకలాగే ఆగిపోతుంది. అంటే నక్క ఈ గీత మీద ఉందని తెలుస్తుంది గానీ ముందుందో వీపు వెనక ఉందో తెలియదు. అందుకే రిసీవర్‌కు నిలువుగా ఒక చిన్న కడ్డీ, ఒక మీట ఉంటాయి. మీట నొక్కితే కడ్డీ చట్రంతో కలిసి, ఒక వైపు కూతను పెంచి రెండో వైపుది తగ్గిస్తుంది. ఒకసారి టెన్షన్‌లో ఆ మీట నొక్కడం మరిచాను. గీత బ్రహ్మాండంగా దొరికింది. దాని వెంట పావుగంట నడిచాను. కూత పెరగాల్సింది పోయి నీరసపడుతుంటే గానీ తెలియలేదు, నక్కకు వీపు చూపించి నడుస్తున్నానని.

బయల్దేరేటప్పుడు మ్యాప్ ఇస్తారు. నక్కలు ఎక్కడున్నాయో అందులో ఉండదు, బయల్దేరే చోటూ గమ్యమూ మాత్రం ఉంటాయి. బయల్దేరిన చోటికి 750 మీటర్ల లోపు ఏ నక్కనూ పెట్టకూడదు, రెండు నక్కల మధ్య కనీసం 400 మీటర్లు ఉండాలి అని నియమం. కాబట్టి నేను ముందు 750 మీటర్ల సున్నా చుట్టి, ఆ లోపలిదంతా మనసులోంచి కొట్టేస్తాను. తర్వాత ఐదు నిమిషాలు ఓపిగ్గా, ఒక్కో నక్క కూసినప్పుడు ఒక్కో గీత, కంపాస్ చూసి మ్యాప్ మీద గీస్తాను. కుర్రాళ్లు ఆ ఐదు నిమిషాల్లో కిలోమీటరు పోయి ఉంటారు. పోనీ. కొంచెం దూరం పక్కకు నడిచి మళ్లీ గీస్తే, అదే నక్క రెండు గీతలూ ఒక చోట కోసుకుంటాయి. అదే దాని చిరునామా. ఏది ముందు, ఏది చివర అన్నది ఆ తర్వాత మీ తెలివి.

పల్లెల్లో తంటా తెచ్చేది కంచెలూ కరెంటు తీగలూ. మేము వాడేవి 3.5 మెగాహెర్ట్జ్ దగ్గరి అలలు, ఒక్కో అల పొడవు 85 మీటర్ల పైన. పొడవాటి ఇనుప తీగ ఆ అలను పట్టుకుని తనే చిన్న నక్కలా పలుకుతుంది. తీగ పక్కన నిలబడి గీసిన గీతను నమ్మకండి, దూరంగా జరిగి మళ్లీ వినండి. 144 మెగాహెర్ట్జ్‌లో ఆడే పోటీలూ ఉన్నాయి. ఆ అల రెండు మీటర్లే, కొండలకూ గోడలకూ తగిలి తిరిగొస్తుంది. అక్కడ నక్క కూత కొండ నుంచి వచ్చినట్టుంటుంది. నాకు దానితో అంత స్నేహం లేదు.

నక్కకు దగ్గరైతే ఇంకో చిక్కు. చట్రం ఎటు తిప్పినా కూత హోరే. అప్పుడు రిసీవర్ పట్టును తగ్గించుకుంటూ పోవాలి, లేకపోతే నిశ్శబ్దమే దొరకదు. అది మౌనంగా ఉండే నాలుగు నిమిషాల్లోనే దగ్గరికి నడవాలి, కూయగానే నిలబడి వినాలి. చివరికి నారింజ, తెలుపు రంగుల గుర్తు కనిపిస్తుంది. అక్కడ కార్డుకు పంచ్ కొట్టి, వెనక వచ్చేవాడికి అనుమానం రాకుండా అమాయకుడిలా మొహం పెట్టి నడవాలి. ముందు చూసేది ఎన్ని నక్కలు దొరికాయని, సమానమైతేనే సమయం చూస్తారు. నా వయసు వాళ్లకు ఐదూ వెతకమని చెప్పరు, అదొక దయ.

ఈ పని ఆటకే పరిమితం కాదు. విమానం కూలితే దానిలోని అత్యవసర పరికరం 406 మెగాహెర్ట్జ్‌లో ఉపగ్రహాలకు కబురు పంపుతుంది. దగ్గరికి చేరిన రక్షణ బృందాలు 121.5 మెగాహెర్ట్జ్ కూతను పట్టుకుని, ఇలాగే తిరుగుతూ వెతుకుతాయి.

మీకు రిసీవర్ అక్కర్లేదు. పాత ట్రాన్సిస్టర్ ఒకటి ఉంటే చాలు. దాని లోపల పెట్టె పొడవునా ఒక నల్ల కడ్డీ ఉంటుంది, మీడియం వేవ్‌కు అదే ఏరియల్. పగటిపూట, ఆరుబయట, తీగలకు దూరంగా నిలబడి ఒక స్టేషన్ పెట్టండి. పెట్టెను పడుకోబెట్టి మెల్లగా తిప్పండి. పాట బాగా సన్నబడినప్పుడు కడ్డీ రెండు కొసల్లో ఒకటి స్టేషన్ వైపు ఉన్నట్టు. రాత్రి వద్దు, అప్పుడు అలలు ఆకాశం మీంచి దిగొచ్చి దిక్కును చెడగొడతాయి. మీరు వేర్వేరు ఊళ్లలో ఉన్నారు కాబట్టి ఇంకా మంచిది. ఒకే స్టేషన్ పెట్టుకుని, ఎవరి ఊరి నుంచి వాళ్లు మ్యాప్ మీద గీత గీసి పంపండి. రెండూ ఎక్కడ కోసుకున్నాయో నేను కలిపి చూస్తాను.

ఇట్లు,
మీ తాతయ్య